కూడిక సరిపోతే చాలదు

విమానంలో కరెంటు లెక్క అనగానే చాలామందికి కూడికే గుర్తొస్తుంది. దీపాలకు ఇంత, పంపులకు ఇంత, ఓవెన్లకు ఇంత, జనరేటర్ ఇచ్చేది ఇంత. ఆ కూడిక అవసరమే. కానీ అది సరిపోయినంత మాత్రాన ప్రమాదం తప్పిపోదని స్విస్ఎయిర్ 111 విమానం చూపించింది.

1998 సెప్టెంబరు 2న న్యూయార్క్‌ నుంచి జెనీవాకు బయలుదేరిన ఆ ఎండీ-11 కెనడాలోని హాలిఫాక్స్ దగ్గర సముద్రంలో కూలింది. 229 మంది చనిపోయారు. ప్రయాణికుల వినోదం కోసం అందులో తెరల వ్యవస్థను తర్వాత అమర్చారు. మొదట క్యాబిన్ బస్ (క్యాబిన్ పరికరాలకు కరెంటు పంచే లైను) నుంచి కరెంటు ఇవ్వాలనుకున్నారు. చాలకపోవడంతో 2వ ఏసీ బస్‌కు కలిపారు. అక్కడ కరెంటుకు కొదవ లేదు. అయితే ఎక్కడినుంచి వస్తోందో తెలియని పొగ కనబడితే పైలట్లు ముందుగా ఆపాల్సింది క్యాబిన్ బస్ స్విచ్‌నే. అది ఆపినా తెరలకు కరెంటు పోతూనే ఉంటుంది! ఆ వ్యవస్థ తీగ మీద నిప్పురవ్వలు లేచిన గుర్తు శకలాల్లో దొరికింది. మంటకు దానితో సంబంధం ఉందన్నారుగాని, మొదలైంది అక్కడే అని దర్యాప్తు సంస్థ కచ్చితంగా తేల్చలేకపోయింది. అయినా పైలట్ల చెక్‌లిస్టుకు అందని చోట ఒక కొత్త లోడ్ చేరడం చిన్న తప్పు కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించేటప్పుడు ఫ్యాన్లు, లైట్లు దానికి కలిపి గీజర్‌ను వదిలేస్తాం కదా. విమానంలో ఆ ఎంపికను ప్రతి పరికరానికీ చేయాలి. టేకాఫ్‌లో ఎంత లాగుతుంది, ఆకాశంలో ఎంత, దిగేటప్పుడు ఎంత? ఒక జనరేటర్ పోతే ఏది ఆపాలి? అన్నీ పోయి బ్యాటరీ మాత్రమే మిగిలితే ఏది బతకాలి?

ఇప్పుడు ఈ ప్రశ్నల బరువు పెరిగింది. బోయింగ్ 787లో ఇంజిన్ల మీద 250 కేవీఏ జనరేటర్లు నాలుగు, తోకలోని చిన్న సహాయక ఇంజిన్ ఏపీయూ మీద 225 కేవీఏవి రెండు ఉంటాయి. మొత్తం 1,450 కేవీఏ. పాత విమానాల్లో ఇంజిన్ నుంచి లాగే వేడిగాలితో జరిగే పనులు, అంటే క్యాబిన్‌లో గాలి పీడనం నిలపడం, రెక్కల అంచున మంచు పేరకుండా చూడడం, ఇందులో కరెంటుతోనే జరుగుతాయి.

మిగిలిన కరెంటు ఎంత విలువైనదో 2009 జనవరి 15న హడ్సన్ నదిపై తెలిసింది. ఒక ఎయిర్‌బస్ విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ చతికిలబడగానే, చెక్‌లిస్టులో ఆ వరుస వచ్చేదాకా ఆగకుండా కెప్టెన్ సలెన్‌బర్గర్ ఏపీయూను ఆన్ చేశారు. దాని కరెంటుతోనే, విమానం అదుపు తప్పకుండా చూసే కంప్యూటర్ల రక్షణలు నీళ్ల మీద దిగేదాకా పనిచేశాయి.

మన విమానాల్లోనూ సీటుసీటుకూ చార్జింగ్ పాయింట్లు, వైఫై పెట్టెలు చేరుతున్నాయి. వీటిని అమర్చిన ప్రతిసారీ లోడ్ పత్రంలో అంకె మార్చి సంతకం పెడితే సరిపోదు. విమానం నేల మీద ఉండగానే చెక్‌లిస్టులోని స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపి, కొత్త పరికరంలో కరెంటు నిజంగా ఆగిందో లేదో చూడాలి. ఆ పరీక్ష ఫలితం పత్రంలోకి ఎక్కాకే విమానాన్ని తిరిగి ప్రయాణికులకు అప్పగించాలి.