డయాలసిస్ గదిలో చేతులెన్ని?

ఉద్దానం కిడ్నీ రోగికి ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్ దాకా ప్రయాణం. ఇప్పుడు సోంపేట, కవిటి, పలాసల్లోనే కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. తెలంగాణలోనూ జిల్లా, ఏరియా ఆసుపత్రుల దాకా డయాలసిస్ చేరింది. 2016-17 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక ఈ విస్తరణ ఇంకా ఊపందుకుంది. ఇదంతా మెచ్చుకోవాల్సిందే. అయితే ఏ ప్రకటన చూసినా ఎన్ని మిషన్లు, ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు అన్న లెక్కే. ఆ మిషన్ల పక్కన ఒక్కో షిఫ్టులో ఎంతమంది నర్సులు, టెక్నీషియన్లు నిలబడుతున్నారో మాత్రం ఎవరూ చెప్పరు. రోగి క్షేమంగా ఇంటికి వెళ్తాడా లేదా అన్నది తేల్చేది ఆ లెక్కే. ముగ్గురు రోగులకు ఒకరి చొప్పున సిబ్బంది లేని షిఫ్టుకు ప్రభుత్వం డబ్బు చెల్లించకూడదని మా వాదన.

ఈ గదిలో పని ఎలాంటిదో చూస్తే ఇది గొంతెమ్మ కోరిక కాదని అర్థమవుతుంది. నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం ఒక సూదిలోంచి బయటికొచ్చి, డయలైజర్‌లో శుద్ధయి, రెండో సూదిలోంచి తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. ఆ రెండో సూది జారిపోయిందనుకోండి. పంపు తన పాటికి తాను రక్తం లాగుతూనే ఉంటుంది, తిరిగి వెళ్లాల్సింది పరుపు పాలవుతుంది. అయిదు నిమిషాల్లో లీటరుంపావు పైమాటే. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఉండేదే సుమారు అయిదు లీటర్లు. పీడనం పడిపోతే మిషన్ అలారం కొట్టాలి కదా అంటారు. సూది ఊడినా పీడనం అలారం హద్దు దాకా దిగకపోవచ్చని, అలారాన్ని నమ్ముకుని కూర్చోకూడదని ఈ పని తెలిసినవాళ్లు మొదటి నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. అందుకే సూదులు గుచ్చిన ఫిస్టులా ఉన్న చెయ్యి ఎప్పుడూ కంటికి కనబడాలంటారు. ఏసీ చలికి రోగి దుప్పటి మీదికి లాక్కుంటాడు, కునుకు తీస్తాడు. దుప్పటి పక్కకు తీసి, ప్లాస్టరు తడిసిందేమో తడిమి చూసి, ‘తాతా, చెయ్యి బయట పెట్టు’ అని చెప్పడానికి మనిషి కావాలి. ఆ మనిషి అదే సమయానికి మరో మూల బీపీ పడిపోయిన రోగికి సెలైన్ ఎక్కిస్తుంటే, ఇంకో మంచం దగ్గర అలారం మోగుతుంటే?

షిఫ్టు మారే అరగంట ఇంకా ప్రమాదం. ఒక బ్యాచ్‌కు సూదులు తీయాలి, చేతులు నొక్కిపట్టి రక్తం ఆపాలి, బీపీ, బరువు చూసి పంపాలి. మిషన్‌ను డిస్‌ఇన్‌ఫెక్ట్ చేయాలి. మంచం, టేబులు, మిషన్ బటన్లు క్రిమిసంహారక ద్రావణంతో తుడవాలి. కొత్త లైన్లు బిగించి ప్రైమింగ్ చేయాలి. బయట రెండో బ్యాచ్ వాళ్లు అప్పటికే గుమ్మం దగ్గరికొచ్చి ఉంటారు. మనుషులు చాలనప్పుడు ముందుగా ఎగిరిపోయేవి కంటికి కనబడని పనులే: రోగి రోగికీ గ్లవ్స్ మార్చడం, చేతులు కడుక్కోవడం, బటన్లు తుడవడం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఒకే సీసాను మంచం నుంచి మంచానికి మోసుకెళ్లడమూ అప్పుడే మొదలవుతుంది. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో వారం రోజులైనా బతికి ఉంటుంది. హెపటైటిస్-సి చేతుల మీదుగా, సీసాల మీదుగా మంచాలు మారుతుంది. బి ఉన్నవాళ్లకు వేరే గది, వేరే మిషన్ పెట్టామని కేంద్రాలు చెబుతాయి. ఆ గదిలో సూది గుచ్చిన చెయ్యే వెంటనే వచ్చి పక్క గదిలోనూ గుచ్చుతుంటే ఆ గోడ కట్టి ఏం లాభం? డయలైజర్‌ను ఒక్కసారికే వాడి పారేసే పద్ధతిని తెలంగాణ తన ప్రభుత్వ కేంద్రాల్లో తెచ్చింది. మంచి నిర్ణయం. కానీ డయలైజర్ కొత్తదైనంత మాత్రాన పాత గ్లవ్స్ శుభ్రమైపోవు.

నీళ్ల సంగతి రోగికే కాదు, చాలామంది అధికారులకూ పట్టదు. ఒక్క నాలుగు గంటల సెషన్‌లో రోగి రక్తానికి పల్చటి పొర అవతల సుమారు 120 లీటర్ల ద్రవం పారుతుంది. మనం తాగే నీటికి పేగులు, కాలేయం కాపలా ఉంటాయి. ఈ నీటికి ఏ కాపలా లేదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో నాచు విషం కలిసిన నీరు డయాలసిస్ కేంద్రానికి చేరి యాభై మందికి పైగా రోగులు కాలేయం పాడై చనిపోయారు. నాచు దాకా అక్కర్లేదు, మున్సిపాలిటీ కలిపే క్లోరిన్ చాలు. కార్బన్ ఫిల్టర్ పని అయిపోయిందని గమనించకపోతే క్లోరమైన్ రక్తంలోకి దిగి ఎర్రకణాలు పగిలిపోతాయి. ఉద్దానంలో బోరు నీటికి బదులు వంశధార నీరు పైపుల్లో వస్తోంది. తాగడానికి అది వరమే. కానీ శుద్ధిచేసి క్లోరిన్ కలిపిన నీరు డయాలసిస్ కేంద్రం ట్యాంకుకు చేరినచోట ప్రతి షిఫ్టుకు ముందు కార్బన్ ట్యాంకు దాటిన నీటిని పరీక్షించి, మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపే ఉందని రాసుకున్నాకే మొదటి సూది గుచ్చాలి. కొద్ది నిమిషాల పని. ఒంటరి టెక్నీషియన్‌కు ఆ కొద్ది నిమిషాలే దొరకవు. రిజిస్టరులో మాత్రం నెలంతా ఒకే అంకె, ఒకే సిరా, ఒకే చేతిరాత కనిపిస్తే తనిఖీకి వెళ్లిన వాళ్లకు అర్థం కావాలి.

నాలుగు గంటల సెషన్ మూడున్నర అవడమూ ఈ సిబ్బంది కొరత నుంచే. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి ఒంట్లోంచి నీరు తీస్తే గుండెకు ముప్పని పరిశోధనలు చెబుతున్నాయి. యాభై కిలోల మనిషికి నాలుగు గంటల్లో తీయగలిగింది రెండు లీటర్ల ఆరువందల మిల్లీలీటర్లు. సమయం కోసి అంతకు మించి లాగితే బీపీ ఢమాలున పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి. బస్సు దొరకదని తొందరపెట్టే రోగుల పాత్రా ఇందులో లేకపోలేదు. అయినా మూడో షిఫ్టును ఇరికించడానికి రెండో షిఫ్టును కుదించేది రోగి కాదు.

అసలు మెలిక చెల్లింపుల్లో ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడిచే కేంద్రాలకు సెషన్‌కు ఇంత అని డబ్బు ఇస్తారు. తక్కువ మందితో ఎక్కువ సెషన్లు చేస్తే మిగులు. టెక్నీషియన్లేమో కాంట్రాక్టు జీతగాళ్లు. నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే కార్పొరేట్ ఆసుపత్రికో, గల్ఫ్‌కో వెళ్లిపోతారు. వాళ్ల స్థానంలో నిన్నమొన్న డిప్లొమా పూర్తిచేసిన కుర్రాడు అయిదు మంచాలు చూస్తుంటాడు. ఏదైనా జరిగితే సస్పెండయ్యేది ఆ కుర్రాడే, రోస్టరు వేసిన వాళ్లు కాదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తెచ్చి డయాలసిస్ టెక్నాలజిస్టులకూ వృత్తి గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు పొందిన వృత్తికి తగిన జీతం, కొలువులో చేరకముందే హెపటైటిస్-బి టీకా, నెఫ్రాలజిస్టు పర్యవేక్షణలో తగినంత శిక్షణ ఇవ్వని సంస్థకు టెండరెందుకు?

సిబ్బంది లేరని చెల్లింపు ఆపితే మిషన్లు మూతపడతాయి, రోగులు మళ్లీ విశాఖ బస్సెక్కాలి అని ఒక అభ్యంతరం. తీసిపారేయాల్సిన మాట కాదు, డయాలసిస్ తప్పిన రోగికి రోజులే మిగులుతాయి. అందుకే ఆరు నెలల గడువివ్వాలంటున్నాం. ఆలోపు సెషన్ రేటులో సిబ్బంది జీతం వాటాను విడిగా చూపించి, అవసరమైతే రేటు పెంచాలి. ఆ వాటా జీతాలకే వెళ్లిందని బ్యాంకు ఖాతాల్లో చూపిస్తేనే బిల్లు పాస్ కావాలి. కొత్త కేంద్రాల శంకుస్థాపనలు కాస్త ఆగినా నష్టం లేదు, ఉన్న కేంద్రాల్లో మనుషులు నిండాలి.

ప్రతి సెషన్ బిల్లు మీద సూది గుచ్చిన వారి పేరు, ఆ గంటలో వారి చేతిలో ఉన్న రోగుల సంఖ్య ఉండాలి. ప్రతి కేంద్రంలో కొత్తగా హెపటైటిస్ సోకిన వారి సంఖ్యను, క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్లను మూడు నెలలకోసారి జిల్లా వైద్యాధికారి బయటపెట్టాలి. ఒక్క కేసు వచ్చినా విచారణ రోస్టరుతో మొదలుకావాలి. ఇవేవీ కొత్త చట్టం అడిగే పనులు కావు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ వచ్చే టెండరు పత్రంలో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు.