‘స్వయం’ పేరిట చేతులు దులుపుకొంటున్న ప్రభుత్వం

ఆంగ్లం రానివారికి ఈ దేశంలో తెరుచుకోని తలుపులు ఎన్నో. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు కార్యకలాపాలు నేటికీ ఆంగ్లంలోనే సాగుతున్నాయి. కేంద్ర పాలనలో పదిహేనేళ్లకే పరిమితం కావలసిన ఆ భాష 1963 నాటి అధికార భాషల చట్టంతో కొనసాగింపు పొందింది. ఉన్నత విద్య, కార్పొరేట్ కొలువుల సంగతి సరేసరి. ఆంగ్లాన్ని అనివార్యం చేసింది పౌరుడు కాదు, రాజ్యం. దాన్ని నేర్పే బాధ్యతను మాత్రం ఆ రాజ్యమే విద్యార్థి చేతిలోని ఫోనుకు అప్పగిస్తోంది.

2017లో కేంద్రం ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు దాని ద్వారానే పూర్తిచేయవచ్చు. మారుమూల విద్యార్థికి ఐఐటీ ఆచార్యుని పాఠం ఉచితంగా అందడం మేలే. ఆ పాఠాన్ని చూపి అధ్యాపక ఖాళీలను మరుగుపరచడమే అభ్యంతరకరం.

స్వీయ అభ్యాసం గురించి గొప్పలు చెప్పేవారు ఆ భావన మూలాలను చూడాలి. భాషాభ్యాసంలో స్వయంప్రతిపత్తిని సిద్ధాంతీకరించిన ఆన్రీ హోలెక్, ఆ సామర్థ్యం పుట్టుకతో రాదని, అలవరచుకోవలసిందని స్పష్టం చేశాడు. తనంతట తాను నేర్చుకోవడాన్నీ ఒకరు నేర్పాలి.

తెలుగులో ‘హ్యావ్’కు సమానమైన క్రియ లేదు. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అనే అమ్మాయి ఆంగ్లంలో ఎక్కడ తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో తెలుగు తెలిసిన ఉపాధ్యాయురాలు రెండు నిమిషాల్లో విప్పి చెబుతుంది. తప్పును సరిదిద్దే యంత్రాలు నేడు ఉన్నాయి. కానీ నలుగురి ముందు నోరు విప్పే ధైర్యం నలుగురి మధ్యనే వస్తుంది.

ఇక సమానత్వం మాట. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017–18) ప్రకారం కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయితే ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట, అది అక్కచెల్లెళ్ల చేతికి చివరగా వచ్చేచోట, ‘నీకు వీలైనప్పుడు నేర్చుకో’ అనడం పరిహాసమే. ఇంట్లోనే ఆంగ్లం వినపడే పిల్లలు ఆన్‌లైన్ పాఠాలతో ముందుకు సాగుతారు. వినపడనివారు మధ్యలో ఆగిపోతే ఆ తప్పు వారి బద్ధకం ఖాతాలో పడుతుంది. ఈ ఏర్పాటులోని అసలు అన్యాయం ఇదే. ఇందులో ప్రభుత్వం ఎన్నడూ విఫలం కాదు, విద్యార్థే విఫలమవుతాడు.

చేయవలసింది తెలియనిదేమీ కాదు. ఆంగ్ల అధ్యాపకుల ఖాళీలు నింపాలి. ఆన్‌లైన్ కోర్సుకు తోడుగా ప్రతి కళాశాలలో వారానికి కొన్ని గంటలైనా చిన్న బృందాల సంభాషణా తరగతులు నడపాలి. కోర్సుల సూచనలు, వివరణలు మాతృభాషల్లో ఉండాలి. 1958లో హైదరాబాద్‌లో మొదలై నేడు ‘ఇఫ్లూ’గా ఉన్న సంస్థకు ఈ ఉపాధ్యాయులను తీర్చిదిద్దే పనిని నిధులతో సహా అప్పగించాలి.

మరో కొత్త పోర్టల్‌ను ఆవిష్కరించడానికి మంత్రివర్యులు వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడాది ఎందరు ఆంగ్ల ఉపాధ్యాయులను నియమించారు?