ఇంజినే గిరగిరా తిరిగితే!

ఈపూరు నుంచి వినుకొండకు బైకు మీద వెళ్తున్నంతసేపూ ఇంజినుకు ఎదురుగాలి తగులుతూనే ఉంటుంది. దారిలో గేదెల మంద అడ్డొచ్చి కాసేపు ఆగితే చాలు... ఆ సెగ కాళ్లకు తెలిసిపోతుంది. తొలినాళ్ల విమానాలదీ అదే బాధ. వేగం తక్కువ, తగిలే గాలీ తక్కువే. నీళ్లతో చల్లబరుద్దామంటే బరువెక్కువ. అందుకే ఫ్రాన్స్‌లోని నోమ్ కంపెనీ ఓ చిత్రమైన ఉపాయం చేసింది. ఇరుసును విమానానికి బిగించేసి, సిలిండర్లతో సహా ఇంజిను మొత్తాన్నీ ఫ్యానుతోపాటే తిప్పింది. దానిపేరే రోటరీ ఇంజిను. 1909 నుంచి విమానాల్లో అదే రాజ్యమేలింది.

ఈ కథలోకి హంబర్ వచ్చింది. సైకిళ్లు, మోటారుసైకిళ్లు, కార్లు తయారుచేసే ఇంగ్లండు కంపెనీ అది. మనకు కొత్తేమీ కాదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ (నేటి ప్రయాగ్‌రాజ్) నుంచి యమున దాటి నైనీకి దాదాపు 6,500 ఉత్తరాలు మోసుకెళ్లింది హంబర్ విమానమే. ప్రపంచంలో తొలి అధికారిక విమాన తపాలా అదే!

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. బ్రిటన్ వాడుతున్న క్లెర్జే రోటరీ ఇంజిన్లలో సిలిండర్ అన్నివైపులా సమంగా చల్లబడేది కాదు. వేడికి వంకరపోయి, పిస్టన్ పట్టేసేది. అది జరిగేది ఆకాశంలో... పైలట్ ప్రాణాల మీదకొచ్చేది.

దానికి మందు కనిపెట్టింది ఒకప్పుడు మోటారుసైకిల్ పందేల్లో పాల్గొన్న డబ్ల్యూ.ఓ.బెంట్లీ. అప్పుడాయన నౌకాదళ అధికారి. వేడిని త్వరగా వదిలించుకునే అల్యూమినియంతో సిలిండర్లు చేసి, లోపల పోత ఇనుము తొడుగు వేశారు. కోవెంట్రీలోని హంబర్ కర్మాగారంలో ఆ ఇంజిను రూపుదిద్దుకుంది. పేరు బీఆర్-1. తొమ్మిది సిలిండర్లు, 150 హార్స్‌పవర్. క్లెర్జే ధర 907 పౌండ్లయితే, దీనిది 605 పౌండ్లే!

అయితే రోటరీకి పుట్టుకతో వచ్చిన జబ్బులు పోలేదు. అంత బరువు బొంగరంలా తిరుగుతుంటే విమానం చెప్పినమాట వినదు. సాప్‌విత్ కామెల్ విమానం కుడికి తిరిగితే ముక్కు కిందికి దిగేది, ఎడమకైతే పైకి లేచేది. కొత్త పైలట్లు ఎందరో శిక్షణలోనే బలయ్యారు. పైగా పెట్రోలులో అంత తేలిగ్గా కలవదని కందెనగా ఆముదం పోసేవారు. అది ఇంజినులోంచి పొగతోపాటు బయటికి చిమ్మేది. దాంతో పైలట్ బట్టలన్నీ ఆముదం కంపే!

యుద్ధం ముగిశాక రోటరీ కథా ముగిసింది. సిలిండర్లు తిరగడం మానేశాయి. బెంట్లీ నమ్ముకున్న అల్యూమినియం మాత్రం నిలిచింది. ఇప్పుడు రోడ్డుమీద కనిపించే బైకు ఇంజిన్లలో ఎక్కువగా ఉన్నది ఆ లోహమే.