లోహనాదమును మన తెలుగును

రాబోవు వార్షికోత్సవమునందు మన పాఠశాల పూర్వవిద్యార్థులు నలుగురు తమ వాద్యబృందముతో పాడుటకు అనుమతి కోరియున్నారు. వారి సంగీతమును ‘హెవీ మెటల్’ అందురు. ఏ రికార్డుల కంపెనీతోను వారికి ఒడంబడిక లేదు. తక్కిన దినములలో హోసూరు సిప్కాట్ కర్మాగారములలో పనిచేసి, ఆదివారములందు ఒక గోదాములో సాధన చేయుదురు. “అది సంగీతము కాదు, రేకుల చప్పుడు; సరస్వతీప్రార్థన జరుగు వేదికపై దానికి చోటీయరాదు” అని తలిదండ్రులలో కొందఱు మాకు వ్రాసిరి. వారియెడ గౌరవముతోనే మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

మొదట మాకును ఆ శబ్దము కర్ణకఠోరముగనే తోచెను. అయినను వినకుండ తీర్పు చెప్పుట ఉపాధ్యాయధర్మము కాదని తలచి, ఒక ఆదివారము ఆ గోదాము వెలుపల వేపచెట్టు క్రింద కూర్చుండి వింటిమి.

రేకుల చప్పుడనువారు ఒక విధముగా నిజమే పలికిరి. ఈ సంగీతము పుట్టినది కర్మాగారముల యూరిలోనే. ఇంగ్లండునందలి బర్మింగ్‌హాములో టోనీ అయోమి అను పదునేడేండ్ల యువకుడు రేకుల కర్మాగారమున పనిచేయుచు, 1965లో యంత్రమున చిక్కి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. ఎడమచేతివాటము వాడగుటచే, గిటారు తంత్రులను నొక్కవలసిన చేయి అదియే. అతడు నిరాశ చెందలేదు. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. సన్నని తంత్రులను కట్టెను. కొంతకాలమునకు తంత్రులను సడలించి శ్రుతిని దించెను. ఆ మంద్రధ్వనియే ఈ సంగీతమునకు ఆధారమయ్యెను. 1968లో ముగ్గురు మిత్రులతో అతడు కూర్చిన బృందము తరువాత ‘బ్లాక్ సబ్బత్’ అను పేర ప్రసిద్ధి చెందెను. వారి మొదటి రికార్డు 1970లో వెలువడెను. అంతవఱకు వారును మన కుఱ్ఱవాండ్రవలె ఊరిబృందమే.

ఆ బృందము పేరుగల గీతమున షడ్జమునుండి మూడు పూర్ణాంతరములు పైకెగయు స్వరము ప్రధానము. ఐరోపా సంగీతజ్ఞులు దానిని ‘సంగీతమునందలి సైతాను’ అనిరి. అది మన ప్రతిమధ్యమమే. 72 మేళకర్తలలో 36 దానిని వహించుచున్నవి. మంగళకరమైన కల్యాణి వానిలో నొకటి. ఇక ఆ గరగర ధ్వని యన్న, ఆంప్లిఫయరునకు తాళగలిగినదానికన్న ఎక్కువ బలమిచ్చినపుడు ధ్వనితరంగపు శిఖరములు తెగి, క్రొత్త అనుస్వరములు పుట్టుటచే కలుగును. మన తంబురకును గుఱ్ఱముపై తంత్రి క్రింద నూలుపోగు నుంచి, అనుస్వరములను పెంచుచున్నాము గదా! మార్గములు వేఱైనను, శుద్ధనాదముతో తృప్తిపడని చెవి రెండుచోట్లను ఒకటే.

మాకు కలిగిన బాధ వేఱొకటి. వారి పాటలన్నియు ఇంగ్లీషునందే యున్నవి. కారణమడుగగా ఒకడు, “అయ్యవారూ, తెలుగు పదములు అచ్చులతో ముగియును. మా పాటలో మాట టక్కున తెగవలెను. తెలుగు దీనికి మరీ తీయన” అనెను. ఈ నలుగురును పదవ తరగతివఱకు మా యొద్ద తెలుగు చదివినవారే. తమ కోపమునకును, దుఃఖమునకును, యంత్రముల నడుమ అలసిన దేహమునకును తెలుగు పనికిరాదని వారు తలచినచో, ఆ లోపము భాషది కాదు, మాది. తేనెలొలుకు భాష యని మాకు చెప్పిరి. మేమును మీ బిడ్డలకు అదియే చెప్పితిమి. ద్విత్వములతో, సంయుక్తాక్షరములతో, పరుషములతో రౌద్రమును భయానకమును పలికించు ఓజోగుణము తెలుగునకు కలదని పరీక్షకొఱకు చెప్పితిమే కాని, బ్రతుకుకొఱకు చెప్పలేదు. వారి డోళ్లు ఏడేసి మాత్రలుగా నడచుచుండగా, మూడును నాలుగునుగా సాగు మన వృషభగతి రగడ మాకు జ్ఞప్తికి వచ్చెను. ఆ మాట చెప్పినంతనే వారు వాద్యములు క్రింద నుంచి, దానిని నేర్పుమని మమ్ము చుట్టుకొనిరి.

ఈ ప్రాంతమున మన బిడ్డలకు వీధిలో తమిళము, కొలువులో ఇంగ్లీషు. తెలుగు ఇంటికిని పూజకును పరిమితమగుచున్నది. బిడ్డ తన యావేశమును పరభాషలోనే చెప్పుకొన నేర్చినచో, ఇంటిలోని తెలుగు ఎంతకాలము నిలుచును? ఢిల్లీయందలి బ్లడీవుడ్ అను బృందము హిందీ, పంజాబీ మాటలను, ఢోలును ఈ సంగీతమున చేర్చి, 2019లో జర్మనీయందలి వాకెన్ ఉత్సవమున పాడెను. స్వభాష వారికి అడ్డు కాలేదు. తిరువయ్యారున కూర్చుండి త్యాగరాజస్వామి తెలుగున పాడినపుడు, చుట్టునున్న భాష ఏదియని చూడలేదు.

తలిదండ్రుల యాక్షేపణలలో ఒకటి మాత్రము మేమంగీకరింతుము. 85 డెసిబెల్‌ల శబ్దమున దినమునకు 8 గంటలకు మించి యుండరాదనియు, ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ కాలము సగమగుననియు శాస్త్రజ్ఞుల లెక్క. ఆ ప్రకారము 100 డెసిబెల్‌లకు పావుగంటయే మితి. కావున పావుగంట మాత్రమే పాడవలెను, ధ్వని తగ్గింపవలెను, చిన్నతరగతుల పిల్లలను వెనుక కూర్చుండబెట్టవలెను.

ఈ నియమములతో వారికి వేదిక నీయవలెనని మా యభిప్రాయము. పాడు పాటలలో ఒకటి తెలుగున నుండవలెనని వారిని కోరితిమి. ఇప్పటికి ఎనిమిది పాదములు వ్రాసి తెచ్చిరి. రెండుచోట్ల గతి తప్పినది, దిద్దుచున్నాము. తలిదండ్రులారా, ఆ దినమున వచ్చి, చెవులు మూసికొనుటకు ముందు ఆ యొక్క పాటనైనను వినుడు. అది మీ యింటి భాష.