తుదితీగయే గీటురాయి

2018 జనవరి 1వ తేది నుండి తెలంగాణ ప్రభుత్వము సేద్యమునకు రేయింబవళ్లు ఉచిత విద్యుత్తు నొసగ నారంభించినది. కొనియాడదగినదే. కాని విద్యుత్తు సమృద్ధి యొకటి. బిచ్కుంద చేనిలోని మోటారును అది ఎడతెగక చేరుట వేరొకటి. మోటారు కదలునప్పుడు మామూలుకన్న ఐదారురెట్లు కరెంటు లాగును. అంతరాయము తీరినంతనే ఆటో స్టార్టర్లచే మోటారులన్నియు ఒక్కుమ్మడి కదలినచో, ట్రాన్స్‌ఫార్మరు భారము మోయజాలక కాలును. అది మారువరకు పెక్కుమంది పైరులు ఎండును. సేవాప్రమాణము తప్పిన పంపిణీ సంస్థ వినియోగదారునకు పరిహార మీయవలెనని 2003 నాటి విద్యుత్ చట్టము 57వ సెక్షను విధించుచున్నది. ఈ హక్కును గ్రామములలో నెందరెరుగుదురు? వరంగల్లు కేంద్రముగాగల ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ, ప్రతి ఫీడరు అంతరాయముల లెక్కను పంచాయతీ గోడలపై ప్రకటింపవలెననియు, మారు ట్రాన్స్‌ఫార్మర్లను చేరువలో సిద్ధముగా నుంచవలెననియు మేము కోరుచున్నాము. రైతు సోదరులును ఆటో స్టార్టర్లను విడనాడవలయును. ఉచితమన్న మాట పైరును తడుపదు. నికరముగా అందిన విద్యుత్తే తడుపును.