రిబ్బన్ చేప: లోతును మరచిన విస్తరణ సలహా

కోస్తాలో సావళ్లు అనీ, సావడాయిలు అనీ పిలిచే రిబ్బన్ చేపల విషయంలో మత్స్యకారులకు అందే సలహా సాధారణంగా రెండు మాటలతో ముగుస్తున్నది: నిషేధకాలంలో వేటాడవద్దు, పిల్ల చేపలను పట్టవద్దు. రెండూ సరైనవే. కాని ఈ చేప ఏ వేళ ఏ లోతున ఉంటుందో తెలుపనంత వరకు రెండవ సలహా ఆచరణకు అందదు.

లిన్నేయస్ 1758లో ఈ చేపకు ట్రైక్యూరస్ లెప్టురస్ అని నామకరణం చేశాడు. తొలి పదానికి వెంట్రుక వంటి తోక అని అర్థం. వెండి వన్నె గల ఈ బల్లపరుపు దేహానికి పొలుసులు లేవు, శ్రోణివాజాలు లేవు, పుచ్ఛవాజమూ లేదు. పృష్ఠవాజం మాత్రం వీపు పొడవునా సాగుతుంది. ముందుకు పొడుచుకువచ్చిన కింది దవడ, కోరల వంటి పళ్లు దీని ఆహారపుటలవాట్లను చెప్పకనే చెబుతాయి. పెద్ద చేపలు తమ జాతి పిల్లలను సైతం మింగుతాయి.

ఉష్ణ, సమశీతోష్ణ సముద్రాలలో, ఖండతీరపు అంచున బురద నేలల మీద ఇది ఎక్కువగా నివసిస్తుంది. అప్పుడప్పుడు నదీముఖాలలోకీ వస్తుంది. అయితే నివాసమంటే స్థలం మాత్రమే కాదు, వేళ కూడా. పిల్ల చేపలు పగటివేళ అడుగుకు బాగా పైన గుంపులు కట్టి, రాత్రి ఉపరితలానికి చేరి రొయ్యలను పోలిన సూక్ష్మజీవులను, చిన్న చేపలను తింటాయి. పెద్దవి ఇందుకు విరుద్ధంగా పగలు ఉపరితలం చేరువలో మేసి, రాత్రి అడుగుకు దిగుతాయి. ఒకే జాతి ఒకే నీటిలో ఎదురెదురుగా ప్రయాణిస్తున్నది! వల దించే వేళ, లోతు మారితే పట్టుబడి స్వభావమే మారగలదని దీని అర్థం.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం అవసరమే. కాని ఈ చేప గుడ్లు పెట్టే కాలం దీర్ఘమైనది. అది ఆ రెండు నెలలలో ఇమడదు. కేరళ 2015లో దీనికి 46 సెంటీమీటర్ల కనీస పరిమాణాన్ని నిర్ణయించింది. ఇక్కడ మరొక చిక్కున్నది. సన్నని తోక కొస తరచుగా విరిగిపోతుంది గనుక మొత్తం పొడవు నమ్మదగిన కొలత కాదు. అందుచేతనే పరిశోధకులు ముట్టె నుండి పాయువు వరకు కొలుస్తారు. అదే కొలతను రేవులోనూ నేర్పవచ్చు. చెక్కపై గీసిన ఒక గీటు చాలు.

వరిని పాలుపోసుకునే దశలో కోయవద్దని రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు. కంకి కంటికి కనబడుతుంది. సరంగుకు ఆ సౌలభ్యం లేదు. పైకి వచ్చిన వలలోని పిల్ల చేపలు అప్పటికే చచ్చి ఉంటాయి. కనుక రేవులలో సేకరించే పట్టుబడి వివరాలలో బరువు, పొడవులతో పాటు వల దించిన గంట, లోతు కూడా నమోదు కావాలి. విశాఖ వద్ద ఖండతీరపు అంచు ఇరుకు. కృష్ణా, గోదావరి ముఖాల వద్ద నీరు, అడుగు వేరు. ఈ తీరంలో చేపల రాకపోకలను ఏ రేవుకు ఆ రేవుగా సరిచూడవలసి ఉన్నది. స్నాతకోత్తర విద్యార్థులకు ఇంతకంటే ఉపయుక్తమైన పరిశోధనాంశం అరుదు. పడవల వారి సహకారంతో ఒక వేట కాలమంతా నమోదు చేసినా, పిల్ల చేపలు అధికంగా పడే వేళలను ఆ రేవు వారికే చూపవచ్చు.