ఉత్తరం మీద తారీకు

దీపావళి వెళ్ళిన వారానికి మా వదినకు ఉత్తరం వచ్చింది. 1987 నాటి సంగతి. గురజాల దగ్గర మా పుట్టింటి ఊళ్ళో పత్తితీతలు జోరుగా సాగుతున్న రోజులు. పోస్టుమాన్ బాబాయి సైకిలు ఆపకుండానే “అమ్మాయ్, మిలిటరీ ఉత్తరం!” అని కేకేశాడు. అమ్మ పరుగెత్తింది, వెనకాలే నేనూ. వదిన మాత్రం చేతికంటిన పిండి కడుక్కుని, కవరు చింపి, ముందు తారీకు చూసింది. అక్టోబరు 6. అంతే, చదవకుండానే మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేసింది.

“చదవవే తల్లీ! వాడు బాగున్నాడటనా?” అంది అమ్మ.

“అప్పటికి బాగున్నార్లే అత్తయ్యా.”

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. ఆ ఏడు జులై 29న శ్రీలంకతో ఒప్పందం కుదిరి, మన జవాన్లు శాంతిసేన పేరుతో జాఫ్నా వైపు వెళ్ళారు. అన్నయ్యా వెళ్ళాడు. అక్టోబరు రెండో వారంలో పులులతో పోరు మొదలైంది. దీపావళి సరిగ్గా ఆ పోరు మధ్యలోనే పడింది. అన్నయ్య ఉత్తరమేమో అంతకు ముందు రాసింది! అడ్రసు చూద్దామంటే కేరాఫ్ 56 ఏ.పి.ఓ. అని తప్ప ఊరూ పేరూ ఉండదు. రేడియోలో ఎంతమంది పోయారో చెబుతారు గానీ ఎవరో చెప్పరు.

చెడువార్త అయితే తంతి వస్తుంది, రాలేదంటే నేను బాగున్నట్టే అని అన్నయ్య చెప్పి వెళ్ళాడట. ధైర్యానికి చెప్పాడు పాపం. దాంతో మా ఇంట్లో తంతి అంటేనే హడల్. మేనమామ కూతురికి మగపిల్లాడు పుట్టాడని తంతి వస్తే, అది విప్పి చదివేదాకా అమ్మ గుమ్మంలో కూలబడిపోయింది.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు. మా పలనాటి వాళ్ళకు చెప్పాలా! బాలచంద్రుణ్ణి మాంచాల యుద్ధానికి సాగనంపిన ఘట్టం వస్తే ముసలీ ముతకా కూడా కళ్ళొత్తుకుంటారు. ఆ ఏడు వదిన రానంది. “పంపిన సంగతి అందరూ చెబుతారు. పంపాక ఇంట్లో కూచున్న సంగతి ఎవరు చెప్పారు?” అంది. ఆ తిరునాళ్ళ వారంలోనే రెండో ఉత్తరం వచ్చింది. తారీకు నవంబరు 9. ఆ పూట వదిన రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

శాంతిసేన 1990 మార్చిలో పూర్తిగా వెనక్కి వచ్చింది. దాదాపు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. మా అన్నయ్య వచ్చాడు.

ఇప్పుడు ఫోన్లున్నాయి కదా, ఆ బాధ లేదనుకుంటున్నారా? 2024లో మా ఆడపడుచు కూతురి భర్త ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో లెబనాన్ వెళ్ళాడు. 1998 నుంచీ మనవాళ్ళు అక్కడికి వెళుతున్నవాళ్ళే. అక్టోబరులో ఆ సేన ప్రధాన స్థావరం మీద కాల్పులు జరిగి ఇద్దరు ఇండోనేషియా జవాన్లు గాయపడ్డారని టీవీలో చెప్పగానే, పిల్ల నరసరావుపేట నుంచి నాకు ఫోను చేసింది. “అత్తా, మెసేజి పెడితే ఒక్క టిక్కే పడుతోంది. రెండోది పడటం లేదు.” మనకన్నా వాళ్ళ గడియారం అప్పుడు రెండున్నర గంటలు వెనక. డ్యూటీలో ఉన్నాడేమోనే, ఫోను దగ్గర ఉంచుకోరేమోనే అని నేను చెబుతూనే ఉన్నా. వదిన నా చేతిలో ఫోను లాక్కుని, “ముందు టీవీ కట్టెయ్యవే. ఏమన్నా ఉంటే పటాలం వాళ్ళే ఇంటికి కబురు చేస్తారు, టీవీ వాడు కాదు” అని ఒక్క కేక వేసింది. రాత్రి పదకొండు గంటలకు రెండో టిక్కు పడింది.

మరునాడు వదిన ఆ పిల్లను కూచోబెట్టి అడిగిన ప్రశ్నలు మీకూ చెప్పాలి. ఆయన ఆర్మీ నంబరు నీకు నోటికొచ్చా? రికార్డ్స్ ఆఫీసు అడ్రసు రాసిపెట్టుకున్నావా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? పెళ్ళి సంగతి పార్ట్ టూ ఆర్డర్లో ఎక్కించారా? ఈ చివరిదాన్ని కొత్త పెళ్ళికూతుళ్ళు అశ్రద్ధ చేస్తారు. భార్య పేరు, పిల్లల పేర్లు అక్కడ ఎక్కకపోతే రేపు పెన్షన్‌కైనా, ఆస్పత్రికైనా తిరగలేక చావాలి. కాగితాల్లో ఏదన్నా చిక్కుంటే గుంటూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, వెళ్ళి అడగొచ్చు. ఆయన ఊళ్ళో ఉండగానే ఇవన్నీ చూసుకుంటే అపశకునం అనుకోకండి.

ఇరుగుపొరుగమ్మలకూ ఒక మాట. “ఏమన్నా తెలిసిందా?” అని రోజూ అడక్కండి. తెలిస్తే తనే చెబుతుంది. ఓ గిన్నెడు పులుసు ఇచ్చి రండి, చాలు.

అన్నట్టు, అక్టోబరు 6 నాటి ఉత్తరం. అన్నయ్య సెలవు మీద ఇంటికొచ్చాకే వదిన దాన్ని విప్పి చదివింది. రెండు పేజీల నిండా గోంగూర పచ్చడి అయిపోయిందనీ, ఈసారి ఎండుమిరపకాయలు కాస్త తగ్గించమనీ ఉంది.